నేను అనే ఉద్యోగం

దుబాసీకి మొదటి రోజే చెప్తారు:
ఆమె 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే అనాలి.
'ఆవిడ ఇలా అంటోంది' అనకూడదు.
మధ్యలో నువ్వు లేవు.
కిటికీ అద్దానివి, దుమ్ము పట్టకుండా ఉంటే చాలు.

న్యూ బెడ్‌ఫర్డ్ రేవు. ఫిబ్రవరి.
చర్చి వెనక మెట్లు దిగితే వచ్చే గదిలో
ఉచిత న్యాయసహాయం, మంగళవారాలు మాత్రమే.
హీటరు దగ్గుతోంది.
జుల్మీరా కోటు విప్పలేదు.
గుల్లలు ఒలిచే ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చింది,
వేళ్ళ సందుల్లో ఇంకా సముద్రం.

మా ద్వీపాల క్రియోల్‌లో ఆమె అంది,
ఇంగ్లీషులో నేనన్నాను:
"ఆయన మంచివాడే.
కోపం వస్తుంది, అంతే.
నా కాగితాలన్నీ ఆయన జేబులో ఉన్నాయి.
ఒక్క ఫోను చేస్తే చాలట,
నన్ను విమానం ఎక్కించేస్తారట,
పిల్లాడు ఇక్కడే ఉంటాడట."

లాయరు మేవ్ పెన్ను కింద పెట్టింది.
"ఆయన ఈ దేశం పౌరుడు. మీరు ఆయన భార్య.
ఇలాంటప్పుడు దరఖాస్తు మీ అంతట మీరే పెట్టుకోవచ్చు.
ఆయన సంతకం అక్కర్లేదు.
పెట్టినట్టు ఆయనకి చెప్పకూడదు,
ఆఫీసువాళ్ళు కూడా. అది చట్టం."

ఇప్పుడిది క్రియోల్‌లోకి రావాలి.
రాలేదు, ఒక్క క్షణం.
సంతకం అక్కర్లేదు.
ఇంత చిన్న వాక్యం
మా అమ్మ భాషలో నేనెప్పుడూ వినలేదు.
చెప్పాను.
మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

తర్వాత తేదీలు.
అఫిడవిట్‌కి నెల కావాలి, రోజు కావాలి.
జుల్మీరా దగ్గర ఉన్నవి వేరు:
కార్నివాల్ అయిపోయాక ఒకసారి.
పడవలు రేవు దాటని గాలివాన రోజు.
మొక్కజొన్నలు నానబోసిన రాత్రి,
అవి నాలుగో రోజుకి పులిసిపోయాయి,
వంటింట్లోకి పోలేదు కాబట్టి.

మేవ్ కాగితం తెల్లగానే ఉంది.

అప్పుడు సంచిలోంచి
పిల్లాడికి పొట్టైపోయిన మంచుబూటు ఒకటి తీసింది.
లోపల చుట్టలు చుట్టి, జీతం చీటీలు. మూడేళ్ళవి.
"చెక్కు ఆయన తీసుకునేవాడు, చీటీ పారేసేవాడు.
పారేసిందే కదా అని తెచ్చుకున్నాను."

బల్ల మీద పరిచాం. వారానికి ఎన్ని గంటలో:
నలభై ఎనిమిది. యాభై రెండు. నలభై తొమ్మిది.
పదకొండు.

"ఈ వారం ఏమైంది?"
ఆమె చెంప మీద చెయ్యి వేసుకుంది.
దానికి దుబాసీ అక్కర్లేదు.

యాభై. యాభై ఒకటి. సున్నా.
"ఇక్కడ?"
"ఇక్కడ వాడు నా గొంతు నొక్కాడు.
పిల్లాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు,
చేతిలో టూత్‌బ్రష్షు."
అన్నాను, నేను,
పొరపాట్లు లేని ఇంగ్లీషులో.
మేవ్ తేదీ రాసుకుంది.

ఉత్తరాలు ఏ అడ్రసుకి?
ఇంటికి వద్దు.
పక్క బల్ల దగ్గర గుల్లలు ఒలిచే ఇవోన్‌కి ఫోను చేసింది.
ఇవోన్ ఏమీ అడగలేదు.
"నా డబ్బాకి బిల్లులు తప్ప ఏం వస్తాయి,
పంపించు" అంది, స్పీకర్లో,
వెనక కత్తుల చప్పుడు.

ఎన్నాళ్ళు పడుతుంది?
"ఏళ్ళు. అబద్ధం చెప్పను" అంది మేవ్.
షెల్టరులో ఇద్దరికీ మంచం ఉంది, ఈ రాత్రికే.
జుల్మీరా బూటులోకి చీటీలు కుక్కుతోంది.
"శుక్రవారం జీతం.
ఆ చీటీ కూడా రానీ."
మేవ్ నా వైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని.
నేను అద్దాన్ని.
షెల్టరు నంబరు మాత్రం ఆమె కోరిక మీద
బూటు అట్ట అడుగున రాశాను,
ఫ్యాక్టరీ ఫోను నంబరులా కనిపించేలా.

బయట ఉప్పుగాలి.
బస్సెక్కితే డ్రైవరు ఎక్కడికన్నాడు.
"నేను" అన్నాను,
ఆ తర్వాత ఎవరి మాట చెప్పాలో తెలియక
చిల్లర చేతిలో పట్టుకుని నిలబడ్డాను.